సగం గుండు టైర్లు

కూతురు తనను ఎక్కడికి తీసుకొచ్చిందో బాషా టైర్ల షాపు ముందు కారు ఆగేదాకా జక్రయ్యకు తెలియదు. బోర్డు చదివాడు. డోరు తీయలేదు.

"నేను దిగను."

"దిగకు నాన్నా. ఎండలో కూర్చో," అని మహిమ తాళం తీసుకుని దిగిపోయింది. దాంతో ఏసీ కూడా ఆగిపోయింది.

పన్నెండేళ్లుగా జక్రయ్య బాషాతో మాట్లాడలేదు. ఇద్దరూ ఒకే డిపోలో పనిచేశారు. జక్రయ్య బస్సు నడిపేవాడు, బాషా టైర్ల సెక్షన్లో ఉండేవాడు. ఒక వానాకాలం బాషా బిగించిన ముందు టైరు గీతలన్నీ అరిగి గుండులా ఉందని జక్రయ్య రిపోర్టు రాశాడు. స్టోర్లో వేరే టైరు లేదని, పైవాళ్లు వెయ్యమంటేనే వేశానని బాషా మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. సస్పెండ్ చేశారు. తర్వాత మళ్లీ పిలిచినా అతను వెళ్లలేదు. గుంటూరు వచ్చి ఈ షాపు పెట్టుకున్నాడు. జక్రయ్య భార్య కొండమ్మ పోయినప్పుడు డిపో అంతా వచ్చింది. బాషా రాలేదు. జక్రయ్య అది మర్చిపోలేదు. అతను ఏదీ మర్చిపోడు.

భార్య పోయాక జక్రయ్య నవ్వడం మానేశాడని చుట్టాలు అంటారు. అబద్ధం. ఆవిడ ఉన్నప్పుడూ అతను పెద్దగా నవ్వింది లేదు. ఇద్దరి తరఫునా ఆవిడే నవ్వేది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు, అంతే.

కారు పొయ్యిలా కాలింది. చొక్కా వీపుకు అతుక్కుంది. జక్రయ్య దిగాడు.

బాషా అతన్ని చూశాడు. చూడనట్టే మహిమతో మాట్లాడుతూ పోయాడు.

"సెమీ స్లిక్ అంటే ఏం లేదు తల్లీ. రేసు కారు టైరు నున్నగా ఉంటుంది, ఒక్క గీత ఉండదు. దాంతో రోడ్డెక్కనివ్వరు. మామూలు టైరుకి ఒళ్లంతా గీతలే. ఇది మధ్యరకం. నీళ్లు పోవడానికి నాలుగు గీతలు, మిగతాదంతా రబ్బరు. ఎంత రబ్బరు రోడ్డును తాకితే అంత పట్టు."

జక్రయ్య వంగి టైరు మీద చెయ్యి పెట్టాడు. అరచేతికి నున్నగా తగిలింది. డిపోలో ఇలాంటిది కనిపిస్తే పీకి మూలన పడేసేవాళ్లు.

"మహిమా, ఇది కొత్తదేనా?"

"కొత్తదే నాన్నా."

"కొత్తదానికి గీతలేవి? సగం గుండు చేసి ఉంది. అరిగిన టైరుని కొత్తదని అంటగడుతున్నాడేమో, ఆయన్ని అడుగు."

"మీ నాన్నకి చెప్పు తల్లీ," అన్నాడు బాషా టైరు మీదే చూపు పెట్టి. "గుండు టైరు వేశానని నా ఉద్యోగం పీకించాడు. ఇవాళ ఆయన కూతురే ఏరికోరి గుండు టైరు కావాలంటోంది. ఈసారి రిపోర్టు ఎవరి మీద రాస్తాడంట?"

పంచరు వేయించుకుంటున్న ఆటో డ్రైవరు పకపకా నవ్వాడు. మహిమ పెదవి కొరుక్కుంది. జక్రయ్య ఆటో వైపు తిరిగి దాని వెనక టైరు చూశాడు. అది నిజంగానే గుండు. ఆ డ్రైవరు నవ్వు ఆగిపోయింది.

మహిమకు ముప్పై రెండేళ్లు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఇంటికి వచ్చిందంటే ఇల్లంతా తుమ్ములే. పాత చిన్న ఎర్ర కారు ఒకటి కొని దాని ఇంజను, బ్రేకులు బాగుచేయించుకుంది. దాచేపల్లి అవతల ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు లారీల కోసం వేసి వదిలేసిన తారు రోడ్లున్నాయి, సున్నపురాయి గుట్టల మధ్య మెలికలు తిరుగుతూ. అక్కడ కార్ల పోటీ పెడతారు. ఒక్కో కారు ఒంటరిగా గడియారంతో పోటీ పడాలి. రెండు పరుగులు, అందులో మంచి టైమే లెక్క. మహిమ పోటీ చేసే విభాగానికి ఒక నియమం ఉంది. బయల్దేరేముందు గుంటూరులో టైర్ల మీద రంగు గుర్తు వేస్తారు. ఆ టైర్ల మీదే అక్కడిదాకా నడుపుకుంటూ రావాలి, వాటితోనే పరుగు తియ్యాలి. అంటే ఒకే టైరు ఊరి రోడ్డుకీ పనికిరావాలి, పందేనికీ పనికిరావాలి.

రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ మిర్చి వ్యాపారి కొడుకు కోటేష్ మొదట వచ్చాడు, తను రెండో స్థానం. ఈ ఆదివారమే ఆఖరు. ఫ్యాక్టరీ వాళ్లు స్థలం వెనక్కి తీసుకుంటున్నారు. ఈసారి గెలిచినవాళ్లకి చెన్నై దగ్గరి అసలు ట్రాక్ మీద, నిర్వాహకుల జట్టులో నడిపే చోటు ఇస్తామన్నారు. గుంటూరులో ఉండి కోల్డ్ స్టోరేజీ జీతంతో ఆ ట్రాక్ మీదికి వెళ్లడానికి మహిమకు ఇంకో దారి లేదు.

"నాకు కోటేష్ వేసినవే కావాలి బాబాయ్. అన్నిటికంటే మెత్తవి," అంది.

బాషా రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టాడు. "ఈ పక్కన నంబరు చూడు. ఎంత తక్కువైతే అంత మెత్తన, అంత తొందరగా అరుగుతుంది. కోటేష్‌వి ఇవి. గోరు గుచ్చితే దిగుతుంది. మొదటి పరుగులో బంకలా పట్టేస్తాయి. ఆ తర్వాత వేడి మితిమీరితే సబ్బులా జారతాయి. ఇవి కొంచెం గట్టివి, గీతలు కాస్త ఎక్కువ. వేడెక్కడానికి టైము తీసుకుంటాయి. వేడెక్కాక మాట తప్పవు."

"మొదటి పరుగులోనే కొట్టెయ్యాలి కదా?"

"సరే, ఇక్కణ్ణుంచి దాచేపల్లి దాకా ఎక్కడెక్కడ కంది పరిచారో చూశావా?"

కోత కోసిన కందికట్టెను రైతులు తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కి గింజ రాలుస్తాయి. వాళ్లకు కూలి ఖర్చు లేదు. కానీ మొండి పుల్లలు మేకుల్లా ఉంటాయి, మెత్తటి రబ్బరులో దిగిపోతాయి.

బాషా చెప్పింది నిజమని జక్రయ్యకు తెలుసు. తెలిసినందుకే ఒళ్లు మండింది. తల ఊపబోయి మెడ బిగబట్టుకున్నాడు.

"నువ్వేమంటావ్ నాన్నా?"

"నన్నడుగుతావేం? నేను గీతలున్న బండ్లు నడిపినవాణ్ని."

మహిమ రెండు టైర్లనూ బొటనవేలితో నొక్కింది. వాసన చూసింది. "వేడి సంగతి నాకు తెలుసు," అంది చివరికి. "మిర్చి బస్తా లోపల ఒకసారి వేడి పుట్టిందంటే ఎవరి మాటా వినదు. ఈ గట్టివే ఇవ్వు బాబాయ్."

ఆదివారం తెల్లవారుజామున రంగు గుర్తు వేయించుకున్నాక కారు మళ్లీ బాషా షాపు ముందు ఆగింది. బాషా తానే గాలి కొలిచి పెట్టాడు. మహిమతో వేళ్లు తిప్పుతూ ఏదో చెప్పాడు. జక్రయ్య లోపల కూర్చుని అద్దం పైకెత్తుకున్నాడు. ఆ గొంతు వినడం ఇష్టం లేక.

ఊరు దాటాక మహిమ హుషారు ఆగలేదు. స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసింది. "చూశావా నాన్నా, మలుపులో ఎలా పట్టుకుందో! చూశావా?"

"రోడ్డు చూడు."

"నీకూ బాగుంది. ఒప్పుకోవు."

బాగానే ఉంది. ముప్పై ఏళ్లు బస్సు నడిపినవాడికి కింద టైరు ఏం చేస్తోందో నడుముకి తెలుస్తుంది. ఈ కారు మలుపులో ఒరగడం లేదు, రోడ్డును కరుచుకుని పోతోంది. జక్రయ్య ఆ మాట పైకి అనలేదు. రోడ్డు పక్కన పట్టాల మీద ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. ఇద్దరూ దగ్గారు. రెండుచోట్ల కంది పరిచి ఉంది. మహిమ నెమ్మదిగా ఎక్కించింది. కింద పటపటమంది.

దారిలో టీ కోసం ఆగారు. మహిమ తాళం కారుకే వదిలి కొట్టు వైపు వెళ్లింది. జక్రయ్య సీటు కింద నుంచి ఇనుప రాడ్డు తీశాడు. డిపో నుంచి అతను తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. రోజూ పొద్దున బస్సు చుట్టూ తిరిగి ప్రతి టైరునూ దాంతో కొట్టి వినేవాడు. గాలి సరిగ్గా ఉంటే ఖంగున మోగుతుంది. తక్కువైతే దబ్బుమంటుంది. ముప్పై ఏళ్లలో ఆ చెవి ఒక్కసారీ మోసం చెయ్యలేదు.

ముందు టైరును కొట్టాడు. దబ్బుమంది. వెనకది కొట్టాడు. అదీ అంతే.

జక్రయ్యకు చాలా రోజుల తర్వాత సంతోషం కలిగింది. గాలి కూడా సరిగ్గా పెట్టలేదు పనిదొంగ! పక్కనే పెట్రోలు బంకు ఉంది. కారు అక్కడికి తిప్పి నాలుగు టైర్లకూ గాలి కొట్టించాడు. ఖంగున మోగేదాకా కొట్టించాడు. మహిమకు చెప్పలేదు. చెబితే వాదిస్తుంది.

మైదానం తెల్లగా ఉంది. సున్నపురాయి పొడి చెట్ల మీద, మనుషుల మీద, కార్ల మీద పడుతోంది. రంగు గుర్తులు చూసి ఒక్కో కారునూ లోపలికి పంపారు. కోటేష్ తన కారు మీద చెయ్యేసి నిలబడి ఉన్నాడు.

"ఏంటి మహిమక్కా, కొత్త టైర్లా? గీతలెక్కువున్నాయే. వానొస్తుందని ఎవరైనా చెప్పారా?"

"నీ టైర్లకి కందిపప్పు అంటుకుంది తమ్ముడూ. చారు పెడుతున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. కోటేష్ కూడా నవ్వాడు. కానీ మొదటి పరుగులో అతను నవ్వులాట ఆడలేదు. కారు బాణంలా పోయింది. మలుపుల్లో టైరు అరవనే లేదు. ఒక నిమిషం ఇరవై ఒక్క సెకండ్లు అని మైకులో చెప్పారు. ఇంతకుముందు అక్కడ ఎవరూ చెయ్యని టైము. జనం ఈలలు వేశారు.

తర్వాత మహిమ వంతు. జక్రయ్య ఆఖరి మలుపు దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాడు. కారు కనబడకముందే టైర్ల చప్పుడు వినిపించింది. సన్నగా, పీలగా, కీచుమంటూ. తడి రోడ్డు మీద బస్సు మాట విననప్పుడు వచ్చే చప్పుడు అది. కారు మలుపులోకి వచ్చి, ముక్కు తిరగక, అడ్డంగా జారి, కష్టం మీద నిలదొక్కుకుని వెళ్లిపోయింది.

ఒక నిమిషం ఇరవై నాలుగు.

జక్రయ్య తాడు వదిలి కారు దగ్గరికి వచ్చేసరికి మహిమ దిగి, హెల్మెట్ కూడా తియ్యకుండా ముందు టైరును తన్నింది. "పట్టే లేదు! మంచు మీద నడిపినట్టుంది. బాషా బాబాయ్ తప్పు చెప్పాడు నాన్నా. నువ్వు ఆయన్ని నమ్మొద్దన్నట్టే ఉన్నావు, నేనే వినలేదు. మెత్తవే కొనాల్సింది. అయిపోయింది, అంతా అయిపోయింది."

బాషా తప్పు చెప్పాడు. పన్నెండేళ్లుగా ఎవరైనా ఆ మాట అంటే వినాలని జక్రయ్యకు ఉంది. ఇప్పుడు విన్నాడు. అతని కళ్లు మాత్రం టైరు మీద ఉన్నాయి.

టైరుకి రెండు అంచుల్లోనూ సున్నపు పొడి తెల్లగా అలాగే ఉంది. మధ్యలో మాత్రం నాలుగు వేళ్ల వెడల్పున నల్లటి పట్టీ. అంటే ఆ మధ్య భాగమే రోడ్డును తాకింది. అంచులు గాల్లో ఉన్నాయి. మధ్యలో అరిగిందంటే గాలి ఎక్కువైనట్టు. ఈ సంగతి డిపోలో కొత్తగా చేరినవాడికీ తెలుసు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బాషా పేరు చెడుతుంది. కూతురు ఇక ఆ షాపు మెట్లెక్కదు. మహిమ హెల్మెట్ లోపలి నుంచి చూస్తోంది. కొండమ్మ కళ్లే.

"గాలి నేను కొట్టించాను," అన్నాడు.

"ఏంటి?"

"టీ దగ్గర. నాలుగింటికీ."

"ఎందుకు నాన్నా?"

"రాడ్డుతో కొడితే మోగలేదు."

"ఇది బస్సా నాన్నా? బస్సా ఇది? బాబాయ్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు కదా! వేడెక్కితే గాలి దానంతటదే పెరుగుతుంది, అందుకే తక్కువ పెట్టాను, ముట్టుకోవద్దు అని. నువ్వు వినలేదా?"

"అద్దం ఎత్తుకున్నాను."

ఆ మాటకు ఆమెకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో అర్థం కాలేదు. మైకులో రెండో పరుగుకి పిలుస్తున్నారు. "ఇప్పుడెంత తియ్యాలి? టైరు కాలుతోంది, పొద్దున లెక్క ఇప్పుడు పనికిరాదు. బాబాయ్‌కి ఫోన్ చెయ్."

"నువ్వు చెయ్యి."

"నేను కారు వరసలో పెట్టాలి. గాలి కొట్టించింది నువ్వు. నువ్వే అడుగు." ఫోను అతని చేతిలో పెట్టి, కారెక్కి ముందుకు పోయింది.

జక్రయ్య నంబరు నొక్కాడు.

"చెప్పు తల్లీ, గెలిచావా?" అన్నాడు బాషా.

"తల్లి కాదు."

అవతల గాలి మెషిను ఆగింది.

"గాలి ఎంత తియ్యాలి?" అన్నాడు జక్రయ్య.

"ఎందుకు తియ్యడం? నేను సరిగ్గా పెట్టానే."

"నేను ఇంకా కొట్టించాను."

"ఒరేయ్! రాడ్డుతో కొట్టావు కదూ?"

"కొట్టాను."

"మోగిందా?"

"మోగింది."

బాషా నవ్వడం మొదలుపెట్టాడు. ఆగలేదు. దగ్గి, ఊపిరి పీల్చుకుని మళ్లీ నవ్వాడు. జక్రయ్య చెవి ఎర్రబడింది.

"నవ్వింది చాలు. అమ్మాయి ముందు మూడు కార్లే ఉన్నాయి."

నవ్వు ఆగిపోయింది. "మీటరు ఉందా? ముందు రెండింటిలో ముప్పై నాలుగుకి దించు. వెనక వాటిలో రెండు ఎక్కువ ఉంచు, మలుపులో తోక సులువుగా తిరుగుతుంది. పుల్లలేమైనా దిగాయేమో చూసి పీకు. మళ్లీ రాడ్డు తియ్యకు. దాన్ని పట్టుకుని నిలబడకు కూడా."

జక్రయ్య వరసలో ఉన్న కారు దగ్గరికి పోయి, డిక్కీలోంచి మీటరు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బుస్సుమని గాలి పోయింది. మీటరు చూశాడు, మళ్లీ తీశాడు. వేళ్లు కాలాయి. చిన్న స్క్రూడ్రైవరుతో గీతల్లో ఇరుక్కున్న కందిపుల్లల్ని పీకాడు. గీతల మధ్య ఆగిపోయాయి కాబట్టి లోపలికి దిగలేదు. నాలుగో టైరు అయ్యేసరికి చెమట కళ్లలోకి కారి మండింది. ఈలోపు కోటేష్ రెండో పరుగు తీశాడు. ఈసారి అతని టైర్లు అరిచాయి. ఆఖరి మలుపులో తోక జారి తెల్లటి దుమ్ము లేచింది. ఇరవై మూడు. అయినా అతనికి దిగులేం లేదు. మొదటి పరుగు ఇరవై ఒకటి ఉంది, దాన్ని ఎవరు దాటాలి?

"పో," అన్నాడు జక్రయ్య లేచి.

మహిమ పోయింది.

జక్రయ్య పరిగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి, పంచె ఎగ్గట్టి, గుట్ట పక్కగా పరిగెత్తి ఆఖరి మలుపు దగ్గర తాడు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వినాలి. గుట్టల వెనక ఇంజను ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. కీచు లేదు. బ్రేకు పడింది. ఇప్పుడొస్తుంది ఆ చప్పుడు, ఇప్పుడొస్తుంది. రాలేదు. బదులుగా బొంగురుగా, లోతుగా గుర్రుమని ఒక శబ్దం వచ్చింది, నిండు బస్సు ఎండిన తారు మీద ఘాట్ రోడ్డు మలుపు తిరిగినప్పటిలా. రబ్బరు రోడ్డును పట్టుకున్న శబ్దం. జక్రయ్య కళ్లు తెరిచాడు. ఎర్ర కారు మలుపులోకి దూకింది. ముక్కు లోపలికి తిరిగింది, వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచింది. మహిమ యాక్సిలరేటరు వదల్లేదు. ఎక్కడ వదులుతుందోనని జక్రయ్య ఊపిరి బిగబట్టుకున్న చోట ఇంకా తొక్కింది. కారు గీత దాటి దుమ్ములో కలిసిపోయింది.

మైకు గరగరమంది. ఆ మనిషి ఒకసారి దగ్గాడు. జక్రయ్యకు అతని గొంతు పట్టుకోవాలనిపించింది.

"మహిమ గారు... ఒక నిమిషం ఇరవై పాయింట్ నాలుగు సెకండ్లు!"

జక్రయ్య అరిచాడు. ఏమని అరిచాడో అతనికే తెలియదు. పక్కనున్నాయన తర్వాత చెప్పాడు. "మీరు రైట్ రైట్ అని అరిచారండీ. నేను కండక్టరనుకున్నా."

కోటేష్ వచ్చి మహిమ టైర్లు తడిమాడు. తెల్లటి పొడి ఇప్పుడు అంచులదాకా పోయింది. తన టైర్లలో దిగిన కందిపుల్లలు, లేచిన రబ్బరు పెచ్చులు చూసుకున్నాడు. "ఏం టైర్లక్కా ఇవి?"

"సగం గుండువి," అంది మహిమ, తండ్రి వైపు చూసి.

సాయంత్రం అవే టైర్ల మీద, అదే కంది మీదుగా గుంటూరు వచ్చారు. మహిమ దారి పొడుగునా మాట్లాడింది. చెన్నై ట్రాక్, అక్కడి మలుపులు, సెలవు ఎలా అడగాలి అన్నీ. బాషా షాపు ముందు ఆపింది. జక్రయ్య ఆమెకంటే ముందే దిగాడు.

బాషా షట్టరు సగం దించి నిలబడి ఉన్నాడు. "ఏరా జక్రయ్యా. రాడ్డు ఇటివ్వు, పాత ఇనుములో వేస్తా."

"ఇవ్వను." జక్రయ్య ఆగాడు. "రిపోర్టు మాత్రం నిజం. ఆ టైరు గుండే."

"గుండే," అన్నాడు బాషా. "స్టోర్లో ఇంకోటి లేదన్నదీ నిజమే. అది నువ్వు రాయలేదు."

"నన్నెవరూ అడగలేదు."

"అడక్కపోయినా రాయొచ్చు."

జక్రయ్య కారు మీది సున్నపు పొడి చేత్తో తుడిచాడు. "కొండమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు," అన్నాడు.

"రాలేదు. కోపం. తప్పే."

క్షమాపణలు చెప్పుకునే మనుషులు కారు వాళ్లు. బాషా వంగి ముందు టైరు గీతలో గోరు పెట్టాడు. "బాగానే మిగిలింది. చెన్నైకి ఇవే సరిపోతాయి."

"సరిపోవు," అన్నాడు జక్రయ్య. అతనూ పక్కన కూర్చుని గోరు పెట్టాడు. "ఈ అంచు చూడు. అక్కడ మలుపులు పెద్దవంట."

"నీకేం తెలుసు ట్రాక్ సంగతి? సరిపోతాయి."

"సరిపోవంటుంటే!"

"మహిమా, మీ నాన్నకి చెప్పు..." అని బాషా మొదలుపెట్టి తల తిప్పాడు.

మహిమ అక్కడ లేదు. మూడు టీలు చెప్పడానికి రోడ్డు దాటుతోంది.